ఏడ్చే మగవాడు

"నవ్వే ఆడదాన్నీ, ఏడ్చే మగవాణ్ణీ నమ్మరాదు" అనేది మా బామ్మ. ఈ సామెత కట్టిన మహానుభావుడెవరోగానీ, మన నవ్వుకీ వాళ్ల ఏడుపుకీ ఒకేసారి తాళం వేసి పోయాడు!

ఉక్రెయిన్ అధ్యాపకుల సంగతి చదువుతుంటే ఆ సామెతే గుర్తొచ్చింది. అక్కడ విశ్వవిద్యాలయాలే కాందిశీకులయ్యాయండీ! 2014లో దొనెట్స్క్ విశ్వవిద్యాలయం విన్నిట్సియాకు తరలిపోయింది. లుహాన్స్క్ వాళ్లయితే 2014లో ఒకసారి, 2022లో మరోసారి మూటలు కట్టారు. ఇల్లూ, పుస్తకాలూ, ఏళ్ల తరబడి రాసుకున్న నోట్సూ వెనకే ఉండిపోతే, పాఠం మాత్రం ఆగకూడదు.

2022లో యుద్ధం పెద్దదయ్యాక 18 నుంచి 60 ఏళ్ల మగవాళ్లు దేశం దాటరాదన్నారు. పిల్లల్నీ, ముసలివాళ్లనీ వెంటబెట్టుకుని సరిహద్దు దాటినవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లే. పరాయి వంటింట్లో ఒక కన్ను పొయ్యిమీద, ఒక కన్ను ఫోనులోని విద్యార్థులమీద, మనసేమో వెనకుండిపోయిన భర్తమీద!

యుద్ధం తరిమినవాళ్లని అడిగి లెక్క తీసినప్పుడల్లా భయం, దిగులు, నిద్రలేమి ఆడవాళ్లలోనే ఎక్కువని తేలుతుంటుంది. "చూశావా, మీరు బలహీనులు" అన్నారు మావారు. "అడిగితే చెప్పాం, అంతే" అన్నాను. మూడు రోజుల జ్వరాన్ని పేపరు చాటున దాచే మనిషి ఆయన! లోకం మొత్తంమీద ఆత్మహత్యలు మగవాళ్లలో ఆడవాళ్లకు దాదాపు రెండింతలట. అది ఓర్పంటారా?

చెప్పుకున్న బాధని బలహీనతంటే, రేపు మనమూ చెప్పడం మానేస్తాం. అప్పుడు లెక్కలు సమానమవుతాయి, బాధ మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.