తగ్గేదెవరు?

కోట్లు గడించే ఆటగాడు “జీతం తగ్గించుకోను, కావాలంటే పంపించెయ్యండి” అంటే మనకు ఒళ్ళు మండుతుంది. ఆశకు అంతుండక్కర్లేదా అంటాం. కానీ కాస్త లెక్క చూడండి.

అమెరికా ఫుట్‌బాల్‌లో (పేరుకే ఫుట్టు, ఆడేది ఎక్కువగా చేత్తోనే) అయిదేళ్ళ ఒప్పందం అంటే అయిదేళ్ళ ఉద్యోగం కాదు. హామీ రాసిచ్చిన సొమ్ము మటుకే ఆటగాడిది. మిగతాది జట్టువారి దయ. పైగా జీతాల మొత్తానికి 1994 నుంచీ హద్దొకటి ఉంది. అంచేత వయసు ముదిరినవాణ్ణి పిలిచి “తగ్గించుకుంటావా, వెళ్తావా?” అంటారు.

2014 మార్చిలో డెమార్కస్ వేర్‌కు ఆ పిలుపే వచ్చింది. డల్లాస్ జట్టుకు తొమ్మిది సీజన్లు ఆడినవాడు. బేరం కుదరలేదు, వదిలేశారు. వెంటనే డెన్వర్ జట్టు మూడేళ్ళకు 3 కోట్ల డాలర్లన్నది. అందులో 2 కోట్లకు హామీ! 2016 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ కూడా గెలిచాడు.

అదే జట్టులో పేటన్ మానింగ్ 2015లో 40 లక్షల డాలర్లు తగ్గించుకున్నాడు, గెలిస్తే తిరిగి సంపాదించుకునే షరతు మీద. గెలిచాడు, రాబట్టుకున్నాడు.

చూశారా, ఒప్పుకున్నవాడు త్యాగీ కాదు, కాదన్నవాడు పేరాశపరుడూ కాదు. బయట తనకు గిరాకీ ఉందో లేదో ఎవరి అంచనా వారిది. అంచనా తప్పితే ఆటే ముగుస్తుంది. అయినా కాదంటారు. ఎందుకంటే ఇవాళ కోసిన జీతం రేపు పెరగొచ్చేమో గాని, అరిగిన మోకాలు మళ్ళీ పెరగదు కదండీ!