హోమ్ పేజీ తెరుచుకుంది, పాటలు తెరుచుకోలేదు

కాస్త పెద్ద పోస్టే. సొంతంగా సైటు పెట్టాలనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఓపిగ్గా చదవండి.

మా ఊరి కోయ పాటలు రికార్డు చేసి వర్డ్‌ప్రెస్ సైట్లో పెట్టాం. మొన్న నలుగురం తలా కొంత వేసుకుని ఉబుంటు సర్వర్ ఒకటి అద్దెకు తీసుకుని సైటుని అందులోకి మార్చాం. పాత హోస్టింగ్ మూసేశాం. హోమ్ పేజీ బాగానే వచ్చింది. ఏ పాట నొక్కినా మాత్రం 404. మా తాత పాడినవి మూడు అందులో ఉన్నాయి. తాత పోయి రెండేళ్లు, రికార్డు చేసిన ఫోనూ ఎప్పుడో పాడైంది. ఆ రాత్రి హాస్టల్లో అన్నం సయించలేదు.

తెల్లారి పర్మాలింక్ సెట్టింగుని 'ప్లెయిన్'కి మార్చి చూస్తే పాటలన్నీ తెరుచుకున్నాయి! పాటలు ఎక్కడికీ పోలేదు, దారే తప్పింది. అలాగే వదిలేద్దామంటే పాత లింకులు ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి. అవే పనిచెయ్యాలి. మళ్లీ 'పోస్ట్ నేమ్' పెట్టా.

లింకులో పాట పేరు కనిపిస్తుంది గానీ ఆ పేరుతో సర్వర్లో ఫైలేమీ ఉండదు. మా గూడెంలో ఇళ్లకి నంబర్లుండవు, కొత్తవాళ్లెవరొచ్చినా కొట్టు దగ్గర అడుగుతారు, కొట్టాయన ఇల్లు చూపిస్తాడు. ఇక్కడ ఆ కొట్టాయన ఇండెక్స్ డాట్ పీహెచ్‌పీ. 'అడిగిన పేరుతో ఫైలు గానీ ఫోల్డర్ గానీ లేకపోతే ఆయన దగ్గరికి పంపు' అని చెప్పే లైన్లు డాట్ హెచ్‌టీయాక్సెస్ అనే ఫైల్లో ఉంటాయి.

అపాచీలో రీరైట్ మాడ్యూల్ ఆన్‌లో లేదు. ఆన్ చేసి రీస్టార్ట్ చేశా. మళ్లీ 404. ఇక్కడే రెండు రోజులు పోయాయి. లైన్లు ఎన్నిసార్లు దిద్దానో లెక్కలేదు. చివరికి సీనియర్ అన్న ఫోన్లో చెప్పాడు: "ఆ ఫైల్లో పైన ఏదో ఒక పిచ్చిమాట రాయరా. 500 ఎర్రర్ వస్తే అపాచీ చదువుతున్నట్టు. రాకపోతే అసలు చూడట్లేదు." రాశా. హోమ్ పేజీ హాయిగా తెరుచుకుంది. ఎవరూ చదవని ఫైలు దిద్దుతూ కూర్చున్నానన్నమాట!

అపాచీ అసలు కాన్ఫిగ్ ఫైల్లో మా సైటు ఫోల్డర్‌కి 'అలౌ ఓవర్‌రైడ్ నన్' అని ఉంది. ఉబుంటులో అలాగే వస్తుంది. కాపీ ఒకటి తీసి పెట్టుకుని 'నన్' స్థానంలో 'ఆల్' రాశా, పిచ్చిమాట చెరిపేశా, రీస్టార్ట్ చేశా. అంతే. (ఎంజినెక్స్ వాడేవాళ్లకి ఇది పనికిరాదు, అది ఈ ఫైలు చదవదు. అక్కడ 'ట్రై ఫైల్స్' లైను రాసుకోవాలి.)

అమ్మకి ఫోన్ చేసి పాత లింకే నొక్కమన్నా. అమ్మ ఏమీ మాట్లాడలేదు, వెనక తాత గొంతు వినిపించింది. ఆడియోలన్నీ రెండు పెన్‌డ్రైవ్‌లలో వేశా. ఒకటి ఈ వారం ఇంటికి పంపుతున్నా.