పండుగప్ప కాచే పచ్చిక

మార్టూరులో తెల్లవారుజామున బస్సెక్కాను. గ్రానైట్ ఫ్యాక్టరీలు దాటగానే రోడ్డుకు రెండు పక్కలా పత్తి, మిరప చేలే. 1987-88లో ఈ నేలమీదే తెల్లదోమ పత్తిని ఊడ్చేసింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అప్పులపాలైన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. విచ్చలవిడిగా కొట్టిన మందులకు దోమను తినే మిత్రపురుగులూ చచ్చాయని తర్వాత తెలిసొచ్చింది. మా చేలు నేర్పిన ఆ పాఠం నీళ్లలో ఎలా నడుస్తుందో చూడాలని పులికాట్ సరస్సుకు బయల్దేరాను.

ఒంగోలు, నెల్లూరు, సూళ్లూరుపేట దాటి తడలో దిగి భీమునివారిపాలెం చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. లోతు లేని నీళ్లలో పడవ సాగింది. పడవ నడిపే పెద్దాయన గెడ ఆపి, చెయ్యి ముంచి నాలుగు పోచలు తీశాడు. అది నాచు కాదు. వేళ్లుండి, పూలు పూసే సముద్రపు గడ్డి. ఆకుమీద గోధుమరంగు జిగురు. బొటనవేలితో రుద్దితే లేత పచ్చదనం బయటపడింది. గోరంత కూడా లేని రొయ్యలాంటి పురుగొకటి ఆ జిగురునే గీక్కు తింటూ పాకుతోంది.

జిగురు పేరుకుంటే ఆకుకు వెలుతురు అందదు. దాన్ని తినే పురుగుల్ని చిన్న చేపలు, చిన్న చేపల్ని పెద్ద చేపలు తింటాయి. పెద్దవి పోతే చిన్నవి పెరిగిపోయి పురుగుల్ని ఖాళీ చేస్తాయి. స్వీడన్ పశ్చిమ తీరంలో కాడ్ అనే పెద్ద చేపను అతిగా పట్టారు, పైగా పొలాల ఎరువు సముద్రంలో కలిసింది. 1980ల నుంచి అక్కడి పచ్చిక సగానికి పైగా పోయింది.

"ఇక్కడ పెద్ద చేపంటే ఏదన్నా?" అన్నాను.

"పండుగప్పే సార్. సముద్రం ముఖద్వారం పూడిపోతే లోపలికెట్టా వస్తది?"

పండుగప్ప చిన్న చేపలనే కాదు, జిగురు తినే కత్తిపరిగ చేపనూ రొయ్యనూ కూడా మింగుతుంది కాబట్టి కాడ్ కథ ఇక్కడ అచ్చంగా అతకదు. అయినా దాని బతుకు తలచుకుంటే గుబులేస్తుంది. ముఖద్వారాల దగ్గర ఉప్పునీళ్లలో గుడ్లు పెడుతుంది, పిల్లలు సరస్సులోకొచ్చి పెరుగుతాయి. ముందు మగగా ఎదిగి, పెద్దయ్యాక ఆడదిగా మారుతుంది. అంటే వలలో పడ్డ బాగా పెద్ద పండుగప్ప దాదాపు ప్రతిదీ తల్లే.

సముద్రంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట ఆపుతున్నాం, జాలర్లకు భృతి ఇస్తున్నాం. సరస్సులో తల్లి చేపకూ ఆ పాటి రక్షణ కావాలి, దాన్ని వదిలేసే జాలరికి ఆ పాటి భృతి అందాలి. ముఖద్వారాల పూడిక తీయాలి. కాళంగి, స్వర్ణముఖి నదుల వెంట చల్లే ఎరువు ఏటిపాలు కాకుండా చూడాలి. ఆ గడ్డిలోనే రొయ్యపిల్ల పెరుగుతుంది, రొయ్య దొరికితేనే ఈ పల్లెల్లో పొయ్యి వెలుగుతుంది.