నాన్న అడిగిన నల్లరాయి

ఓడ ప్రయాణం అనగానే మీకు డెక్కు మీద డ్యూయెట్టు గుర్తొస్తే ఆ తప్పు మీది కాదు, మన సినిమాలది. నేనూ అలాగే ఊహించుకుని ఎక్కాను. తీరా చూస్తే నా పక్కన హీరోయిన్ లేదు, మా బావ వున్నాడు. ఆయనకి సముద్రం పడదు!

2023 మే నెలలో, కాలిఫోర్నియాలో వుండే అక్కా బావా నన్ను కూడా వెంటేసుకుని హోనొలులులో ఓడెక్కారు. వారం రోజులు హవాయి దీవులు చుట్టి మళ్ళీ అక్కడే దింపే ఓడ అది. పొద్దున ఒక రేవులో ఆగుతుంది. దిగి, చూడవలసినవి చూసి, చెప్పిన వేళకి వెనక్కి రావాలి. ఆలస్యమైతే ఓడ మన కోసం ఆగదు.

ఈ పత్రిక పాఠకులకు హవాయి మరీ కొత్తేమీ కాదు. 1993లో వచ్చిన ‘జురాసిక్ పార్క్’లో హెలికాప్టర్ ఒక జలపాతం పక్కన దిగుతుంది చూడండి, అది అక్కడి కవాయి దీవిలోదే. కానీ నేను చెప్పబోయేది సినిమా జలపాతం సంగతి కాదు. ఒక రాయి సంగతి.

బయల్దేరేముందు నాన్న ఫోన్ చేశారు. ‘‘ఒరే అబ్బాయ్! అగ్నిపర్వతం దగ్గరికి వెళ్తున్నావటగా. ఒక చిన్న రాయి పట్రారా. గుప్పెట్లో పట్టేంత చాలు’’ అన్నారు.

నాన్న కొవ్వూరు అవతల పల్లెటూరి హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు సోషల్ చెప్పారు. ఏటా బోర్డు మీద ఎర్ర సుద్దముక్కతో అగ్నిపర్వతం బొమ్మ గీసేవారు. లోపల గొట్టం, పైన పొగ, పక్కల నుంచి కారే లావా. ఒక్కదాన్నీ కళ్ళతో చూసింది లేదు. పైగా ఆయన నన్ను నోరు తెరిచి ఏదైనా అడగటం అదే మొదలు. అప్పుడప్పుడూ వచ్చే డబ్బుతో నెట్టుకొచ్చే ఫ్రీలాన్సు విలేకరి కొడుకుని ఏమడుగుతారు లెండి!

మా ఓడ హీలో రేవులో ఆగింది. తెల్లారకుండానే వాన. ఆ ఊళ్ళో ఏడాదికి 120 అంగుళాల పైనే కురుస్తుందట. చిన్న బస్సులో పన్నెండుమందిని ఎక్కించుకుని గైడమ్మ బయల్దేరింది. ఆ దీవుల మూలవాసుల బిడ్డ. ముప్పావుగంటలో కిలవేయా పర్వతం మీదికి చేరాం.

మేము దిగవలసిన బిలం పేరు కిలవేయా ఇకి. అంటే చిన్న కిలవేయా. పేరుకే చిన్నది! మైలు పొడవు. అంచున నిలబడి కిందికి చూస్తే అవతల నడిచేవాళ్ళు చీమల్లా కనిపించారు. 400 అడుగులు దిగాలి, అడుగున మైదానం దాటాలి, అటుపక్క మళ్ళీ ఎక్కాలి. చుట్టూ తిరిగొస్తే మొత్తం మూడు మైళ్ళ పైచిలుకు.

దిగేటప్పుడు అంతా పచ్చటి అడవి. చెట్టంత ఎత్తు ఫెర్న్ మొక్కలు, ఎర్రటి కుచ్చుల్లాంటి పూలతో ఒహియా చెట్లు. ఆఖరి మలుపు తిరిగేసరికి పచ్చదనం టక్కున ఆగిపోయింది. ఎదురుగా నల్లటి నేల. పగిలిన తారురోడ్డులా పలకలు పలకలుగా లేచి వుంది. పగుళ్ళలోంచి తెల్లటి ఆవిరి. విఠలాచార్యగారి సినిమాలో గుహ సెట్టింగు లాగా వుంది కానీ, ఇక్కడ పొగ పెట్టేవాడెవడూ లేడు. వాన నీరు లోపలికి ఇంకి, ఇప్పటికీ చల్లారని రాతికి తగిలి ఆవిరై వస్తోంది. చెయ్యి పెట్టి చూశాను. ఇడ్లీపాత్ర మూత తీసినట్టుంది.

‘‘1959 నవంబర్ 14న ఇక్కడ నేల చీలింది’’ అని చెప్పింది గైడమ్మ. లావా ఫౌంటెన్ ఒక దశలో 1,900 అడుగులు లేచిందట. పది చార్మినార్లు ఒకదాని మీద ఒకటి పెట్టినంత ఎత్తు! డిసెంబర్ 20కల్లా అంతా సద్దుమణిగింది. ఈలోగా బిలంలో 400 అడుగుల పైన లోతున లావా చెరువు నిండిపోయింది. పైన పెచ్చు కట్టినా, అడుగుదాకా గడ్డకట్టటానికి దాదాపు 35 ఏళ్ళు పట్టింది.

నేను మనసులో లెక్క వేసుకున్నాను. నాన్న పుట్టింది 1949లో. అంటే నా కాళ్ళ కింది నేల ఆయనకంటే పదేళ్ళు చిన్నది! నేల అంటే మనకంటే ముందునుంచీ వున్నదే కదా అనుకుంటాం. నేలకి కూడా పుట్టినరోజు వుంటుందని ఆ పూట తెలిసింది.

దారి తప్పకుండా అక్కడక్కడ రాళ్ళు గుట్టలుగా పేర్చారు. ఒక గుట్ట దగ్గర అందరూ ముందుకు వెళ్ళేదాకా ఆగి, చిన్న నల్లరాయి తీసి ప్యాంటు జేబులో వేసుకున్నాను. ఎంత తేలికో! నిండా సన్నటి రంధ్రాలు. నాన్న గుప్పిట్లో సరిగ్గా పడుతుంది.

వెనక్కి తిరిగితే గైడమ్మ. కోప్పడలేదు. ‘‘ఎవరి కోసం?’’ అంది.

చెప్పాను. ఆమె నవ్వి, ‘‘ఇవి పేలే అమ్మవి’’ అంది. పేలే అంటే వాళ్ళ అగ్నిదేవత. ఆ కొండే ఆవిడ ఇల్లు. రాయి పట్టుకెళ్ళినవాళ్ళకి చెడు జరుగుతుందన్న మాట బాగా పాకిపోయి, ఎక్కడెక్కడివాళ్ళో క్షమించమని ఉత్తరాలు రాసి మరీ రాళ్ళని పోస్టులో తిప్పి పంపుతుంటారట. ‘‘శాపం సంగతి మీ ఇష్టం. నేషనల్ పార్కులో రాయి తియ్యటం చట్టప్రకారం తప్పు. అదీ వదిలెయ్యండి. మీ ఇంటికి వచ్చినవాడు గోడలో ఇటుక పీక్కుపోతే మీకెలా వుంటుంది?’’ అంది.

ఏం జవాబు చెప్తాను? తీసినచోటే పెట్టేశాను. బావ గొంతు తగ్గించి, ‘‘కొట్లో బొమ్మ ఏదైనా కొనుక్కుందాం లేవోయ్’’ అన్నాడు. నాన్నకి బొమ్మలతో పనేమిటి?

మధ్యాహ్నం జలపాతాలు. రెయిన్‌బో ఫాల్స్ ఊళ్ళోనే వుంది, 80 అడుగులు. దాని వెనకున్న గుహలో హీనా అనే దేవత వుంటుందని వాళ్ళ నమ్మకం. పొద్దుటెండలో ఇంద్రధనుస్సు కనబడుతుందట. మాకు మబ్బే కనబడింది. అక్కణ్ణుంచి అకాకా ఫాల్స్. 442 అడుగుల నిలువు ధార. అక్కడ ఓ చేపుంది, వేలెడంత. పైన ఏట్లో పుడుతుంది, పిల్లగా వుండగానే ధారతోపాటు సముద్రంలోకి కొట్టుకుపోతుంది. కొంత ఎదిగాక తిరిగొచ్చి, పొట్టకింది రెక్కతో రాతిని కరుచుకుని ఆ 442 అడుగులూ ఎక్కి పైన ఏట్లోకి చేరుతుంది! అక్క చాలాసేపు ఆ నీళ్ళకేసే చూస్తూ నిలబడింది. ఊరొచ్చి ఆరేళ్ళయింది తను.

సాయంత్రం ఓడ కదిలింది. మేము చూసినప్పుడు కిలవేయా శిఖరం నిద్రలో వుంది. నెల తిరిగిందో లేదో, జూన్ 7న మళ్ళీ లేచి లావా కక్కింది.

ఇంటికెళ్ళాక, తప్పు చేసినవాడిలా నాన్నకి సంగతంతా చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి వీధిలోకి వెళ్ళి, రోడ్డు వెయ్యటానికి పోసిన కంకరలోంచి ఒక నల్లరాయి తెచ్చి నా చేతిలో పెట్టారు.

‘‘గౌరీపట్నం క్వారీదిరా ఇది. ఇదీ లావాయే. ఆరున్నర కోట్ల ఏళ్ళనాటిది. అటు దక్కనులో పొంగి వందల మైళ్ళు పారి మన గోదావరి దాకా వచ్చిందంటారు.’’

నాకు నోట మాట రాలేదు. ‘‘ఇంటిముందే పెట్టుకుని నన్నెందుకు తెమ్మన్నారు నాన్నా?’’

‘‘ఇది ముసలిదిరా. పసిదాన్ని ఓసారి పట్టుకు చూద్దామనుకున్నా. పోన్లే, దాని ఇంట్లో దాన్ని వుంచొచ్చావు, మంచిపని చేశావ్’’ అని పడక్కుర్చీలో కూర్చున్నారు. ‘‘ఆ పగుల్లో చెయ్యి పెట్టానన్నావే! ఎంత వేడుంది? మొదట్నుంచీ చెప్పు.’’

చెప్పటం మొదలుపెట్టాను.