ఎవరికి కావాలి?

ఒక్కసారి పైకే అనండి: “అమ్మని చూడాలి.” ఇది బాధ్యతా, కోరికా? అన్నవాళ్ల గొంతు వింటే గాని తేలదు. ఒంట్లో బాగోలేదట, వెళ్లి చూడాలి అన్నా ఇదే మాట. ప్రాణం అటే లాగుతోంది, చూడాలి అన్నా ఇదే మాట. చివర “అని ఉంది” తగిలించామా, బాధ్యత పక్కకు తప్పుకుని కోరికే మిగులుతుంది. తెలుగులో నాకు అపురూపంగా తోచేవాటిలో ఇదొకటి.

దీనికి మూలం ‘వలయు’. కోరుకోవడమూ అవసరపడడమూ రెండూ దాని అర్థాలే. చేయవలయును కాస్తా చేయవలెను అయి, చెయ్యాలి దాకా అరిగింది. తెలంగాణలో “చెయ్యాలె, పోవాలె” అంటారు చూడండి, ఆ ‘లె’లో పాత ‘వలె’ ఇంకా వినబడుతుంది. ఎదురుమాట ‘వలదు’ మన నోట ‘వద్దు’ అయింది. అందుకే పోవాలె, పోవద్దు అన్నవి అంత చక్కగా జతపడతాయి. చెయ్యాల్సిన పనీ, మనసు కోరిన పనీ మన భాషలో ఒక తల్లి బిడ్డలే.

‘తప్పదు’ తీరు వేరు. గురి తప్పుతుంది, దారి తప్పుతుంది. వెళ్లక తప్పదంటే పక్కకు జరిగే చోటు లేదని. ఈ మాట ఎక్కువగా మనకు మనమే చెప్పుకుంటాం. జోరున వాన కురుస్తున్నా కొంగు బిగించి నాట్లకు దిగే మనిషి “తప్పదు గదమ్మా” అంటుంది. ఆమెకెవరూ రూలు చదివి వినిపించలేదు. నారు ముదిరితే దుబ్బు కట్టదు, అంతే. అలాంటి ‘తప్పదు’ అంటే నాకు గౌరవం.

ఇక బరువైన మాట, వెట్టి. సంస్కృత ‘విష్టి’ దీనికి మూలమంటారు. విష్టి ప్రస్తావన కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనే ఉంది. నిజాం కాలంలో తెలంగాణ పల్లె ఎలా నడిచేదో చూడండి. చాకలి దొర గడీలో బట్టలు ఉతకాలె. కుమ్మరి కుండలు ఇయ్యాలె. వడ్ల, కమ్మరి నాగళ్లు చెయ్యాలె. దళితులు మూటలు మొయ్యాలె, ఊరూరికీ కబుర్లు చేరవెయ్యాలె. అధికారి ఊళ్లోకి దిగితే దుకాణం నుంచి సరుకులు పోవాలె. పైసా కూలి లేదు. ఇన్ని వాక్యాల్లోనూ ఉన్నది మనం పైన చూసిన ‘ఆలె’యే. కాని అందులో కోరిక చేసేవాడిది కాదు, దొరది. ఒకరి కోరిక ఇంకొకరి మెడమీద విధిగా కూర్చుంది. వట్టికోట ఆళ్వారుస్వామి నవల ‘ప్రజల మనిషి’ చదివితే ఆ బతుకు కళ్లకు కడుతుంది. 1946లో సాయుధ పోరాటం రాజుకోవడానికి వెట్టి ఒక ముఖ్య కారణం. రాజ్యాంగం 23వ అధికరణం దాన్ని నిషేధించింది. అయినా 1976లో వెట్టిచాకిరీ రద్దుకు మళ్లీ ఒక చట్టం కావలసి వచ్చింది. పాతుకుపోయిన ‘ఆలె’ను పెకలించడం అంత కష్టం.

‘మామూలు’ అనే మాట సంగతీ ఇంతే. అలవాటుగా జరిగేదని దాని అర్థం. దసరా మామూలు సంతోషంగా చేతిలో పెడతాం. ఆఫీసు బల్ల కింద అడిగేదానికీ అదే పేరు పెట్టేశారు, అది నాకు బాధ.

ఈ రోజుల్లో రాజ్యమేలుతున్నది ‘తప్పనిసరి’. ఏ కౌంటరు దగ్గరైనా గోడమీద “ఆధార్ తప్పనిసరి”, “జిరాక్సు జతచేయవలెను” అని కనబడతాయి. ఎవరికి వలెను? వాక్యంలో కర్త ఉండడు. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు బ్యాంకు ఖాతాకూ, మొబైల్ సిమ్ముకూ ఆధార్ తప్పనిసరి చెయ్యడం చెల్లదంది. పాన్‌కూ, ప్రభుత్వ రాయితీలకూ మాత్రం సమర్థించింది. అంటే ఒకే కార్డు ఒక కిటికీ దగ్గర తప్పనిసరి, పక్క కిటికీ దగ్గర కాదు. పింఛను కోసం వచ్చిన ముసలాయనకు ఆ తేడా ఎవరు చెప్పాలి? కిటికీ అవతల కూర్చున్నవాళ్లే చెప్పాలి, నా మట్టుకు నాకు అదే అసలైన విధి.

వాళ్లు చెప్పకపోతే మీరే అడగండి. గొడవేం అక్కర్లేదు, మర్యాదగానే, “ఇది ఎవరు తప్పనిసరి చేశారండీ, ఏ ఉత్తర్వులో ఉంది?” అని. చూపిస్తే కాగితం ఇచ్చేయండి. చూపించలేకపోతే పై అధికారి పేరు అడిగి రాసుకోండి. ఆయన్నీ అదే ప్రశ్న అడగండి.