గురి కుదిరాక మిగిలే ప్రశ్న

నవీ ముంబయిలో ఖార్ఘర్ కొండల పాదాన ఉన్న 60 ఎకరాల ఆవరణ ఆక్ట్రెక్‌ది. టాటా మెమోరియల్ సెంటర్‌లో భాగం. క్యాన్సర్ పరిశోధన, చికిత్స, శిక్షణ మూడూ ఇక్కడ ఒకేచోట సాగుతాయి. పరేల్‌లోని పాత ఆస్పత్రిలో కాలు పెట్టే చోటు దొరకదు, ఇక్కడ చెట్ల నీడన నింపాదిగా నడవవచ్చు. వచ్చినవాళ్ళు ఎవరైనా ముందు చూడాలనుకునేది ప్రోటాన్ చికిత్సా కేంద్రాన్నే. 2023 మే 11న ప్రధాని దీన్ని జాతికి అంకితం చేశారు. విశాఖ శివార్లలోని అగనంపూడిలో ఇదే సంస్థ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రికీ అదే రోజు ఆ లాంఛనం జరిగింది. మందపాటి కాంక్రీటు గోడల వెనక 220 టన్నుల సైక్లోట్రాన్ ఉంది. అది ప్రోటాన్లను కాంతి వేగంలో దాదాపు 60 శాతం వేగానికి చేర్చి, రోగి చుట్టూ తిరిగే మూడు గాంట్రీలకు పంపుతుంది. కణితి దాకా వెళ్ళి, అక్కడ శక్తిలో ఎక్కువ భాగాన్ని దించేసి, అవతలి కండను తాకకుండా ఆగిపోవడం ప్రోటాన్ సహజ గుణం. దాని ముందు నిలబడితే ఎవరికైనా నోరు వెళ్ళబెట్టాలనే అనిపిస్తుంది. నాకూ అనిపించింది. అయితే నేను అక్కడికి వెళ్ళింది క్లినికల్ ట్రయల్స్ ఎలా నడుస్తాయో చూడటానికి. ఆ పని జరిగే గదుల్లో బల్లలు, కంప్యూటర్లు, ఫైళ్ళు తప్ప ఏమీ ఉండవు.

రేడియేషన్‌కు, మన ఊళ్ళలో కరెంటు పెట్టడం అనే వైద్యానికి, గురి ఎలా కుదురుతుందో తెలియాలంటే ముందు అచ్చుల గది చూడాలి. తెల్లటి ప్లాస్టిక్ జాలీ పలకను వేడినీళ్ళ తొట్టిలో వేస్తారు. కాసేపటికి అది తడిగుడ్డలా మెత్తబడుతుంది. తీసి, నీళ్ళు తుడిచి, బల్ల మీద పడుకున్న మనిషి ముఖం మీదుగా లాగి రెండు పక్కలా బిగిస్తారు. కొద్ది నిమిషాల్లో గట్టిపడేసరికి ఆ మనిషి ముక్కు, గడ్డం, కనుబొమల గట్టు అన్నీ అందులో దిగుతాయి. చికిత్స ముగిసేదాకా ప్రతిరోజూ అదే తొడుగు, అదే పడక. పొత్తికడుపు భాగానికి చికిత్స తీసుకునేవాళ్ళ కష్టం ఇంకో రకం. మూత్రానికి వెళ్ళొచ్చి, కొలిచిన నీళ్ళు తాగి, తమ వంతు కోసం బెంచీల మీద కూర్చోవాలి. మూత్రాశయం నిండితే పేగులు కిరణాల దారి నుంచి పైకి తప్పుకుంటాయి. లోపలికి వెళ్ళాక బల్ల మీదే సీటీ తీసి, మొదటిరోజు బొమ్మతో పోల్చి, మిల్లీమీటర్లలో సరిచేసి, అప్పుడు మీట నొక్కుతారు. ఈ జాగ్రత్త అంతా కిరణం ఎక్కడ పడాలో అక్కడే పడేందుకు. అలా పడినందువల్ల రోగి ఎక్కువకాలం బతికాడా, బాధ తగ్గిందా అనేది వేరే ప్రశ్న. ఏ యంత్రమూ దానికి జవాబు చెప్పదు. కొందరికి ఒక పద్ధతి, కొందరికి మరో పద్ధతి ఇచ్చి, ఏళ్ళ తరబడి కనిపెట్టి చూస్తేనే అది తేలుతుంది. ఆస్పత్రుల హోర్డింగులు మొదటి ప్రశ్నకు జవాబు చూపించి రెండోదానికీ అదే జవాబన్నట్టు మాట్లాడతాయి. ప్రజల డబ్బుతో యంత్రాలు కొనే ప్రభుత్వాలైనా ఆ రెంటినీ విడదీసి చూడాలన్నది నా వాదన.

దీనికి వచ్చే మొదటి ఆక్షేపణ తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు. మంచి కండకు తక్కువ రేడియేషన్, కణితికి ఎక్కువ రేడియేషన్ అందితే మేలే కదా, కళ్ళెదుట ఉన్నదాన్ని మళ్ళీ పరీక్షించడం దేనికి అంటారు. భౌతికశాస్త్రం తెలిసినవాళ్ళే ఈ మాట అంటారు. వాళ్ళకు ఊపిరితిత్తుల క్యాన్సర్ చెప్పిన సమాధానం ఉంది. ఆర్‌టీఓజీ 0617 అనే ట్రయల్‌లో ఉత్తర అమెరికా ఆస్పత్రులు 500 మందికి పైగా రోగులను చేర్చుకుని కొందరికి 60 గ్రేలు (రేడియేషన్ మోతాదును గ్రేలలో కొలుస్తారు), కొందరికి 74 గ్రేలు ఇచ్చాయి. మోతాదు పెరిగితే కణితి ఎక్కువ చస్తుంది, రోగి ఎక్కువ బతుకుతాడు అన్నది అంచనా. గురి చూసే పద్ధతులు మెరుగుపడ్డాయి కాబట్టే అంత మోతాదు ఇవ్వగల ధైర్యం వచ్చింది. 2015లో వెలువడిన ఫలితం తలకిందులైంది. తక్కువ మోతాదు పొందినవారు మధ్యస్థంగా 28.7 నెలలు బతికితే, ఎక్కువ మోతాదు పొందినవారు 20.3 నెలలే బతికారు. తర్వాత లెక్కలు తీస్తే గుండెకు తగిలిన రేడియేషన్‌కూ మరణాలకూ సంబంధం కనిపించింది. ఆ ట్రయల్ జరగకపోయి ఉంటే 74 గ్రేలే మంచి వైద్యమని పాఠ్యపుస్తకాలకు ఎక్కేది, దాన్ని ఇవ్వలేని ఆస్పత్రులను చిన్నచూపు చూసేవాళ్ళం.

ఫలితాలు ఎప్పుడూ నిరాశపరిచేవే అనుకోనక్కర్లేదు. క్యాన్సర్ ఒంట్లో నాలుగైదు చోట్లకు పాకితే ఇక మందులే తప్ప కిరణాలతో పనిలేదని చాలాకాలం నమ్మారు. సాబర్-కామెట్ ట్రయల్‌లో అలాంటి 99 మందిని తీసుకుని, 66 మందికి ఆ పాకిన ప్రతి మచ్చ మీదా సూటిగా అధిక మోతాదు కిరణాలు వేశారు, 33 మందికి మామూలు వైద్యం ఇచ్చారు. మధ్యస్థ జీవితకాలం 28 నెలల నుంచి 41 నెలలకు పెరిగింది. అయితే ఆ 66 మందిలో ముగ్గురు చికిత్స వల్లే చనిపోయారని కూడా ఆ పత్రమే రాసింది. అయినా జీవితకాలం పెరగడం చూసి వైద్య ప్రపంచం ఉత్సాహపడింది. ఆ తర్వాత పాకిన రొమ్ము క్యాన్సర్ ఉన్న 125 మందిలో ఇదే పద్ధతిని ఎన్ఆర్‌జీ-బీఆర్002 పరీక్షించింది. 2022లో వచ్చిన ఫలితంలో వ్యాధి ముదరకుండా ఆపడంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఒకే తరహా కిరణం, ఒకే తరహా గురి, కానీ క్యాన్సర్ మారితే కథ మారింది. అన్ని క్యాన్సర్లనూ ఒకే గాట కట్టి ‘కణితి ఎక్కడున్నా మాడ్చేస్తాం’ అనే ప్రకటన చదివినప్పుడు ఈ రెండు ట్రయల్స్‌నూ పక్కపక్కన పెట్టుకోవాలి.

ఆక్ట్రెక్‌కు వెళ్ళాలనిపించడానికి అసలు కారణం పార్సర్ ట్రయల్. టాటా మెమోరియల్ వైద్యులు 2011 నుంచి 2019 దాకా 300 మంది మహిళలను ఇందులో చేర్చారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక రేడియేషన్ అవసరమైనవాళ్ళు వీళ్ళు. సగం మందికి పాత పద్ధతి, సగం మందికి రోజూ బొమ్మ చూసి గురి సరిచేస్తూ, కిరణాల తీవ్రతను మలిచే ఐఎంఆర్‌టీ. క్యాన్సర్‌ను అదుపు చేయడంలో రెండూ ఒకటే. తేడా వచ్చింది పేగుల దగ్గర. చికిత్స తర్వాత వచ్చే మధ్యస్థ, తీవ్ర పేగు సమస్యలు మూడేళ్ళకు పాత పద్ధతిలో 42.4 శాతం, కొత్తదానిలో 21.1 శాతం. ఆ అంకెల వెనక ఉన్నది విరేచనాలు ఆగక బస్సెక్కడానికి, కూలికి వెళ్ళడానికి, పెళ్ళి భోజనానికి కూర్చోవడానికి జంకే ఆడవాళ్ళు. ఐఎంఆర్‌టీ అప్పటికే సంపన్న దేశాల్లో వాడుకలో ఉంది; అది ఖరీదైన వేడుకేమోనన్న అనుమానమూ మన దగ్గర ఉంది. పేద రోగులున్న ప్రభుత్వ సంస్థే దాన్ని పరీక్షించి, ఇక్కడ డబ్బు పెట్టడం న్యాయమేనని నిరూపించింది. ప్రోటాన్‌కూ ఇదే కొలబద్ద పెట్టాలి. ప్రోస్టేట్ క్యాన్సర్‌లో ప్రోటాన్‌ను ఐఎంఆర్‌టీతో పోల్చిన అమెరికా ట్రయల్ పార్టీక్వాల్ 450 మందిని చూసి, రెండేళ్ళకు పేగుల పనితీరులో తేడా లేదని 2024లో తేల్చింది. పిల్లల మెదడు కణితుల్లో ప్రోటాన్‌కు ఉన్న విలువ దీనివల్ల తగ్గదు. మూడు గాంట్రీల సమయాన్ని ముందు ఎవరికి కేటాయించాలో మాత్రం ఇది చెబుతుంది.

ప్లానింగ్ గదిలో మరో సంగతి చూశాను. వైద్యులు సీటీ బొమ్మల్లో ఒక్కో పొరనూ తెర మీదికి తెచ్చి కణితి చుట్టూ ఒక రంగు, మూత్రాశయం చుట్టూ ఒక రంగు, పెద్దపేగు చుట్టూ మరో రంగు గీతలు గీస్తారు. గీత అర సెంటీమీటరు లోపలికి జరిగితే కణితి అంచు వదిలేసినట్టే. ఎంత ఖరీదైన యంత్రమైనా గీసిన గీతనే నమ్ముతుంది. తల, మెడ క్యాన్సర్‌లో ఒక మందును పరీక్షించిన హెడ్‌స్టార్ట్ ట్రయల్‌లో రేడియేషన్ ప్లాన్లను తర్వాత తిరిగి తనిఖీ చేశారు. నియమం ప్రకారం ప్లాన్ ఉన్నవారిలో రెండేళ్ళకు 70 శాతం మంది బతికి ఉంటే, పెద్ద లోపాలున్న ప్లాన్లు అందినవారిలో 50 శాతమే మిగిలారు. పరీక్షకు పెట్టిన మందు వల్ల లాభం కనబడలేదు, ప్లాన్ సరిగా లేకపోవడం వల్ల నష్టం మాత్రం కళ్ళకు కట్టింది. ట్రయల్‌లో చేరిన రోగికి జరిగే మొదటి మేలు ఇదేనేమో. అతని ప్లాన్‌ను గీసిన వైద్యుడే కాక మరొకరూ చూస్తారు.

ఇంత చెప్పినా, మన జిల్లాల నుంచి వచ్చిన కుటుంబం ముందు ట్రయల్ అనే మాట ఎత్తితే ‘మమ్మల్ని ఎలుకల్లా వాడుకుంటారా’ అనే అడుగుతారు. అడగడానికి వాళ్ళకు హక్కుంది. 2009లో ఖమ్మం జిల్లాలో ఒక అధ్యయనంలో భాగంగా వేలాది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేశారు. చాలామంది గిరిజన వసతి గృహాల పిల్లలు. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు పెట్టారు. కొందరు బాలికలు చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ తేల్చినా, అనుమతి తీసుకున్న తీరును పార్లమెంటరీ సంఘం 2013లో తీవ్రంగా తప్పుపట్టింది. అంత జరిగాక తెలుగు మనిషి అనుమానించడాన్ని అజ్ఞానం అనకూడదు. ఆ అనుమానానికి జవాబు నియమాల్లో ఉండాలి. ఇప్పుడు ట్రయల్‌ను మొదటి రోగి చేరకముందే జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. పత్రం రోగికి వచ్చిన భాషలో ఉండాలి. చదువు రానివారి పక్కన ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి సంతకం చేయాలి. ఎప్పుడైనా తప్పుకోవచ్చు, తప్పుకున్నా వైద్యం ఆగదు. కాగితం మీది నియమాలు కాగితం మీదే ఉండిపోగలవని నాకూ తెలుసు. అయితే ట్రయల్ బయట, పరీక్షకు నిలవని ఖరీదైన చికిత్సను అప్పు చేసి కొనుక్కునే రోగికి ఈ మాత్రం రక్షణ కూడా లేదు. అతని మీద జరిగేదీ ప్రయోగమే, ఫలితం మాత్రం ఎక్కడా రాయరు.

‘మా అమ్మకు ఏ వైద్యమో చీటీలు తీసి తేలుస్తారా’ అన్నది ఇంకా గట్టి ప్రశ్న. రెండింటిలో ఏది మేలో వైద్యుడికి నిజంగా తెలిస్తే చీటీ తీయడం తప్పే. తెలియనప్పుడు వైద్యుడు ఎంచుకుంటే కుదుటగా ఉన్నవాళ్ళు కొత్త పద్ధతికి, నీరసించినవాళ్ళు పాతదానికి పోతారు. చివరికి గెలిచింది కిరణమో, రోగి ఒంటి బలమో చెప్పలేం. మధ్యలోనే ఒక పక్షం నష్టపోతోందని కనిపిస్తే ఆపేయమనే స్వతంత్ర సంఘం కూడా ఉంటుంది. చేరేవాళ్ళు లేక ట్రయల్ ఆగిపోతే ఏమవుతుందో కూడా చూశాం. తొలిదశ ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఆపరేషన్‌ను సూటి కిరణాలతో పోల్చిన స్టార్స్, రోసెల్ ట్రయల్స్ రెండూ మధ్యలో మూతపడ్డాయి. రెండింటినీ కలిపినా తేలింది 58 మంది లెక్క. అంత ముఖ్యమైన ప్రశ్న ఏళ్ళ తరబడి అలాగే నలిగింది.

మనకు అన్నిటికంటే పనికొచ్చేవి తగ్గించి చూసే ట్రయల్స్. బ్రిటన్‌లో 97 ఆస్పత్రులు 4,096 మందితో ప్రభుత్వ నిధితో నడిపిన ఫాస్ట్-ఫార్వర్డ్, రొమ్ము క్యాన్సర్‌కు మూడు వారాల్లో 15 సార్లు ఇచ్చే రేడియేషన్‌కు బదులు ఒకే వారంలో 5 సార్లు ఇస్తే సరిపోతుందని 2020లో చూపింది. టాటా మెమోరియల్‌లో ప్రోస్టేట్ క్యాన్సర్ మీద చేపట్టిన ప్రైమ్ ట్రయల్ 25 సార్లకూ 5 సార్లకూ పోటీ పెట్టింది. సికింద్రాబాద్‌లో రైలెక్కి ముంబయి వచ్చినవాళ్ళకు ఇది అద్దె గది, పోయిన కూలి, తోడు వచ్చిన కొడుకు సెలవు, ఇంటి దగ్గర పిల్లల లెక్క. యంత్రానికీ లాభమే: ఒకరికి పట్టే విడతల్లో ఐదుగురికి చికిత్స అందుతుంది. కానీ విడతలు తగ్గితే ఏ కంపెనీకీ గిరాకీ పెరగదు. విడతకింత అని వసూలు చేసే ఆస్పత్రికి రాబడి పడిపోతుంది. అందుకే ఇలాంటి ప్రశ్నలు ప్రభుత్వ సంస్థలే అడగాలి.

అడిగినా జవాబు చికిత్స ముగిసిన రోజున రాదు. పార్సర్‌లో పేగుల తేడా తేలడానికి మూడేళ్ళు పట్టింది. ఆ మూడేళ్ళూ రోగులు తిరిగి వస్తూ ఉండాలి. రానివాళ్ళు బాగై రాలేదో, ముదిరి రాలేదో తెలియకపోతే లెక్క చెడిపోతుంది. శ్రీకాకుళం నుంచి కొన్ని నెలలకోసారి ఖార్ఘర్ రమ్మనడం కుదిరే పని కాదు. అయితే విశాఖ దగ్గరి అగనంపూడి ఆస్పత్రి కూడా టాటా మెమోరియల్‌దే. 2012లో ఏర్పడిన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ దేశమంతటి ఆస్పత్రులను కలిపింది. అలాంటి చోట్లే మనిషిని పలకరించి, పేగులు ఎలా ఉన్నాయో అడిగి, రాసి పంపడానికి ఒక నర్సు, ఒక ప్రశ్నపత్రం, రోగికి బస్సు ఛార్జీలు చాలు. కొత్త రేడియేషన్ యంత్రానికి నిధులు మంజూరు చేసే ప్రతి ఫైలులోనూ ఈ పద్దు ఉందో లేదో ఆరోగ్యశాఖ చూడాలి.