కర్మ లేని క్రియ నిలబడుతుందా?

ఫోన్ ఎత్తగానే అమ్మ అడిగేది ఒకటే: "తిన్నావా?" ఏం తిన్నానో ఆ ప్రశ్నలో లేదు, అయినా లోటు లేదు. ఇంగ్లీషులోనూ "డిడ్ యూ ఈట్?" అంటే సరిపోతుంది. కానీ "తెచ్చావా?" అనడానికి "డిడ్ యూ బ్రింగ్?" అంటే కుదరదు. చివర "ఇట్" ఉండాల్సిందే.

పదో తరగతి వరకు తెలుగు మీడియం, తర్వాత ఇంజనీరింగ్. ఈ తేడా నేనెప్పుడూ పట్టించుకోలేదు. మెయిన్స్‌లో ఇంగ్లీషు పేపర్ 300 మార్కులకు. 25 శాతం వస్తే చాలు, మెరిట్‌లో కలపరు. కానీ ఆ 75 రాకపోతే మిగతా పేపర్లు లెక్కలోకి రావు. అందుకే గ్రామర్ మళ్లీ మొదలుపెట్టా.

మీరూ ఇది నోట్ చేసుకోండి. ఈట్, రీడ్, రైట్, స్టడీ లాంటి సకర్మక క్రియలు కర్మ లేకుండానూ నిలబడతాయి. బ్రింగ్, మెన్షన్, డిస్కస్ లాంటివి మామూలు వాక్యంలో నిలబడవు. "వుయ్ డిస్కస్డ్" అని ఆపితే వాక్యం సగమే. "డిస్కస్డ్ అబౌట్" అన్నా తప్పే, కర్మ నేరుగా రావాలి.

మరి ప్రశ్నపత్రంలో ఒక వ్యాఖ్య ఇచ్చి, చివర "డిస్కస్" అని ఒక్క మాటే ఎందుకు పెడతారు? ఆలోచిస్తే తెలిసింది: కర్మ ఎక్కడికీ పోలేదు, పై వాక్యంలోనే ఉంది. సిరప్ సీసా మీద "షేక్ వెల్" అని ఉంటుంది కదా, కుదపాల్సింది మన చేతిలోనే ఉంటుంది. ఇదీ అంతే.

ఆ రోజే పాత టెస్ట్ కాపీలు తీశా. గవర్నర్ పదవి సహకార సమాఖ్యకు అడ్డంకిగా మారిందన్న వ్యాఖ్య మీద డిస్కస్ చేయమన్నారు. నేను 153వ అధికరణం నుంచి 162 వరకు రాశా. 1983లో వేసిన సర్కారియా కమిషన్, 2007 నాటి పూంఛీ కమిషన్ కూడా రాశా. అడ్డంకిగా మారిందా లేదా అన్నదాని మీద ఒక్క వాక్యం లేదు. పదికి మూడు వచ్చాయి.

మిగతా కాపీల్లోనూ ఇదే వరస. రెండేళ్లుగా ఇంట్లో "నా ఇంగ్లీషు వల్లే మార్కులు పోతున్నాయి" అంటున్నా. నాన్న నమ్మి, ఇంకో ఏడాది ఖర్చు భరిస్తున్నారు. నా ఇంగ్లీషులో తప్పులున్న మాట నిజమే. కానీ ఈ మార్కులు పోయింది అందుకు కాదు, దేన్ని చర్చించమన్నారో చూడకుండా తెలిసిందంతా రాసినందుకు. మొన్న ఆదివారం నాన్నకు ఫోన్ చేసి ఆ మాటే చెప్పా.

ఈసారి "డిస్కస్" కనిపించగానే పెన్ను ఒక్క నిమిషం పక్కన పెట్టండి. "దేన్ని?" అని అడగండి. జవాబు ఒక్క వాక్యంలో అనుకున్నాకే మొదలుపెట్టండి. నేనూ అదే చేస్తున్నా.